ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ మీద సంతకం ఎవరిది?

తెలుగు సినిమాలో నిజాయితీ గల సీఐకి తప్పని కష్టం ఒకటుంది. మంత్రి గారి బామ్మర్దిని స్టేషన్‌లో కూర్చోబెట్టిన గంటలోపు ఫోన్ మోగుతుంది. "ఎవర్ని పట్టుకున్నావో తెలుసా? రేపు పొద్దున్నకల్లా ఏ అడవిలో ఉంటావో నీకే తెలీదు" అంటాడు అవతలి వ్యక్తి. హీరో ఫోన్ పెట్టేసి లాఠీ తీస్తాడు, మనం ఈల వేస్తాం.

ఆ బెదిరింపుని కాస్త జాగ్రత్తగా వినండి. అందులో చట్టవిరుద్ధమైనది ఏదీ లేదు. ఉద్యోగంలోంచి తీసేయాలంటే రాజ్యాంగం 311వ అధికరణం అడ్డుపడుతుంది. ఛార్జ్ మెమో ఇవ్వాలి, విచారణ జరపాలి, అతని సమాధానం వినాలి. ట్రాన్స్‌ఫర్‌కి ఇవేవీ అక్కర్లేదు. "పరిపాలనా కారణాల రీత్యా" అన్న రెండు మూడు మాటలు చాలు. పేపర్లలో "సీఐని వీఆర్‌కు పంపారు" అని చదువుతుంటాం కదా, ఆ వీఆర్ అంటే వేకెన్సీ రిజర్వ్. జీతం వస్తుంది, స్టేషన్ ఉండదు. రేంజ్ ఆఫీసుకి రిపోర్ట్ చేసి, తర్వాతి పోస్టింగ్ ఎప్పుడా అని ఎదురు చూడడమే. లేదంటే "లూప్‌లైన్" పోస్టింగ్ ఇస్తారు. రైలుని మెయిన్ లైన్ మీంచి పక్కకి తప్పించి నిలబెట్టడం లాంటిదన్నమాట.

అందుకే "ఆ కేసు పెట్టకు" అని ఎవరూ కాగితం మీద రాసివ్వరు. రాయాల్సిన అవసరం లేదు. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ మీద సంతకం ఎవరిదో అందరికీ తెలిసినప్పుడు, ఏ కేసు ఎలా నడవాలో కూడా చెప్పకుండానే తెలుస్తుంది. పోలీసుల స్వతంత్రత గురించి మన దేశంలో జరిగిన చర్చంతా చివరికి ఈ సంతకం దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ఇంటర్‌లో సివిక్స్ చదివినవాళ్లు వెంటనే ఒక ప్రశ్న వేస్తారు. శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలు మూడూ వేరు వేరుగా ఉండాలంటారు, బాగానే ఉంది. పోలీసులు కార్యనిర్వాహక శాఖలో భాగమే కదా? ప్రభుత్వంలో ఒక అంగం ప్రభుత్వం నుంచి స్వతంత్రంగా ఉండడమేంటి? విద్యుత్ శాఖ స్వతంత్రంగా ఉండాలని ఎవరూ అడగరే?

ప్రశ్న సరైనదే. దీనికి జవాబు పోలీసులు చేసే పనిలో ఉంది. ఒకే ఖాకీ బట్టల్లో వాళ్లు రెండు వేరు వేరు పనులు చేస్తారు. గణేష్ నిమజ్జనానికి బందోబస్తు, ట్రాఫిక్, గస్తీ, ధర్నా దగ్గర బారికేడ్లు ఇవన్నీ ఒక రకం. ఎక్కడ ఎంతమందిని పెట్టాలి, ఏ సమస్యకి ముందు డబ్బు ఖర్చుపెట్టాలి అన్నవి విధాన నిర్ణయాలు. ఓటేసి గెలిపించిన ప్రభుత్వం వాటిని నిర్ణయించడంలో తప్పేం లేదు. నిజానికి నిర్ణయించకపోతేనే తప్పు.

రెండో పని దర్యాప్తు. ఫలానా మనిషి ఫలానా నేరం చేశాడా లేదా అని తేల్చడానికి సాక్ష్యాలు సేకరించడం. ఇది కోర్టులో మొదలయ్యే న్యాయప్రక్రియకి తొలి మెట్టు. జడ్జి ఎంత గొప్పవాడైనా తన ముందుకి వచ్చిన ఫైలునే చదవగలడు. ఆ ఫైల్లో ఏముండాలో ముద్దాయి బంధువు నిర్ణయిస్తే, కోర్టు స్వతంత్రంగా ఉన్నా లేకపోయినా తేడా ఉండదు. మనకి అర్థమయ్యే లెక్కలో చెప్పాలంటే, సెమిస్టర్ పేపర్లకి కోడింగ్ చేసి వేరేవాళ్లతో దిద్దిస్తారు కదా, పాఠం చెప్పినవాళ్ల ఇష్టాయిష్టాలు మార్కుల మీద పడకూడదని. కానీ జవాబు పత్రం కట్ట దారిలోనే మారిపోతే, దిద్దేవాడు ఎంత నిష్పక్షపాతి అయితే ఏం లాభం?

చట్టం కూడా ఈ తేడాని గుర్తించింది. నేర దర్యాప్తు అధికారం స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కి నేరుగా చట్టం నుంచే వస్తుంది. పాత సీఆర్‌పీసీలో 156వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 175వ సెక్షన్. ఆ దర్యాప్తు అధ్యాయం మొదట్నుంచి చివరిదాకా చదివినా మంత్రి, ఎమ్మెల్యే అన్న మాటలే కనపడవు. జడ్జిలకి కూడా ఇందులో హద్దు ఉంది. నేరం జరిగిందన్న సమాచారం వచ్చాక దర్యాప్తు పోలీసుల పని, కోర్టు పని ఆ తర్వాత మొదలవుతుంది, రెండూ ఒకదానికొకటి తోడే కానీ ఒకదాని మీదికి ఒకటి రాకూడదని 1944లో ప్రివీ కౌన్సిల్ లాహోర్ నుంచి వచ్చిన ఖ్వాజా నజీర్ అహ్మద్ కేసులో చెప్పింది. ఫలానా వాడి మీద ఛార్జిషీటే వేయాలని మేజిస్ట్రేట్ పోలీసుల్ని ఆదేశించలేడని 1967లో మన సుప్రీంకోర్టు అంది. అంతమాత్రాన పోలీసు రిపోర్టుకి ఆయన తలూపాలని కాదు. నచ్చకపోతే మరింత దర్యాప్తు చేయమనొచ్చు, తనంతట తానే కేసు విచారణకి తీసుకోవచ్చు. జడ్జికే లేని అధికారం ఫోన్‌లో మంత్రికి ఎక్కణ్నుంచి వచ్చింది అన్నదే అసలు ప్రశ్న.

దానికి జవాబు చరిత్రలో ఉంది. అది మన ప్రాంతం చరిత్రే.

కంపెనీ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా కలిపి, 1816 తర్వాత తాసిల్దారే పన్ను వసూలు అధికారి, తాసిల్దారే పోలీసు పెద్ద. ఆయన మీద కలెక్టరే మేజిస్ట్రేట్ కూడా. శిస్తు కట్టమని అడిగేవాడు, కట్టకపోతే పట్టుకొచ్చేవాడు ఒకడే. ఫిర్యాదు వినాల్సిన కలెక్టరు వాడికి పై అధికారి. ఇలాంటి చోట ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. 1855లో మద్రాసు టార్చర్ కమిషన్ ఇచ్చిన నివేదికలో అదంతా ఉంది. కర్రల మధ్య వేళ్లు పెట్టి నొక్కే కిట్టి, మనిషిని వంచి మెడనీ కాలి వేళ్లనీ కలిపి కట్టేసి ఎండలో నిలబెట్టడం లాంటివి నేరాలు ఒప్పించడానికే కాదు, శిస్తు వసూలుకీ వాడేవారని కమిషన్ రాసింది. ఆ నివేదిక ఎంత దూరం వెళ్లిందంటే, 1857లో న్యూయార్క్ పత్రికకి రాసిన వ్యాసంలో కార్ల్ మార్క్స్ దాన్ని ప్రస్తావించాడు.

నివేదిక ఫలితంగా పోలీసుని రెవెన్యూ నుంచి విడదీసి 1859లో మద్రాసులో కొత్త చట్టం తెచ్చారు. దేశం మొత్తానికి తెలిసిన 1861 పోలీసు చట్టం కన్నా ఇది రెండేళ్లు పెద్దది. మంచి సంస్కరణే, సగం వరకు. తాసిల్దారు చేతిలోంచి లాఠీ తీసుకున్నారు కానీ దాన్ని చట్టం చేతికి ఇవ్వలేదు, ప్రభుత్వం చేతికి ఇచ్చారు. పోలీసుల మీద అజమాయిషీ ప్రభుత్వానిదే అన్నారు, ఆ అజమాయిషీకి హద్దేంటో మాత్రం రాయలేదు. వలస పాలకులకి అది లోపంగా అనిపించలేదు. వాళ్లకి కావాల్సిందే అది.

అసలు ఆశ్చర్యం ఇది. ఆ చట్టం ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ (ఆంధ్ర ప్రాంత) జిల్లా పోలీసు చట్టం, 1859 అన్న పేరుతోనే ఉంది. తెలంగాణ వైపు చూస్తే నిజాం కాలపు 1329 ఫసలీ జిల్లా పోలీసు చట్టం, హైదరాబాద్ నగరానికి 1348 ఫసలీ చట్టం. ఫసలీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది. అంటే ఒకటి 1919 ప్రాంతం, ఇంకోటి 1938 ప్రాంతం. ఫోన్‌లో ఆండ్రాయిడ్ వెర్షన్ రెండేళ్లు పాతదైతే మనకి నామోషీ.

స్వతంత్రం వచ్చాక ఈ లోపం సంగతి అందరికీ పూర్తిగా తెలిసొచ్చింది ఎమర్జెన్సీలో. పైనుంచి మాట వస్తే చాలు, అరెస్టులు జరిగిపోయాయి. తర్వాత షా కమిషన్ ఆ సంగతులు తవ్వింది. 1977 నవంబరులో ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్ వేశారు. అది 1979 నుంచి 1981 వరకు ఎనిమిది నివేదికలిచ్చింది. కొత్త పోలీసు చట్టం ముసాయిదా కూడా రాసిచ్చింది. ప్రభుత్వం మారింది, నివేదికలు బీరువాలోకి వెళ్లాయి.

వాటిని బీరువాలోంచి బయటికి లాగింది ఒక రిటైర్డ్ పోలీసు. ప్రకాశ్ సింగ్ ఉత్తరప్రదేశ్, అస్సాం డీజీపీగా, బీఎస్ఎఫ్ అధిపతిగా పనిచేసిన మనిషి. 1996లో ఆయన సుప్రీంకోర్టుకి వెళ్లి, ఆ సిఫార్సుల్ని అమలు చేయించండి అని అడిగారు. తీర్పు 2006 సెప్టెంబరు 22న వచ్చింది. పదేళ్లు! మనం రెండు ఇంజనీరింగ్ డిగ్రీలు చేసి ఇంకో రెండేళ్లు ఉద్యోగం చేసేయొచ్చు.

తీర్పులో ఏడు ఆదేశాలున్నాయి. అన్నీ ఇక్కడ ఏకరువు పెట్టను. మొదట చెప్పుకున్న సంతకం సంగతి తేల్చేవి చూద్దాం. డీజీపీని యూపీఎస్సీ తయారు చేసిన జాబితాలోంచే ఎంచుకోవాలి, ఒకసారి ఎంచుకున్నాక రిటైర్మెంటు తేదీతో పని లేకుండా కనీసం రెండేళ్లు ఉంచాలి. జిల్లా ఎస్పీకీ, స్టేషన్ ఎస్‌హెచ్‌ఓకీ కూడా కనీసం రెండేళ్లు. డీఎస్పీ, ఆ కింది స్థాయి బదిలీలు మంత్రి పేషీలో కాకుండా డీజీపీ, మరో నలుగురు సీనియర్ అధికారులుండే బోర్డు చేయాలి. ప్రభుత్వం ఆ నిర్ణయం మార్చాలనుకుంటే మార్చొచ్చు, కానీ అసాధారణ సందర్భాల్లోనే, అదీ కారణం రాసి. ఈ చివరి షరతు చూడ్డానికి చిన్నదే, నా దృష్టిలో తీర్పు మొత్తానికీ ప్రాణం అదే. ఫోన్‌లో చెప్పగలిగే మాటలన్నీ కాగితం మీద రాయలేం.

ఇంకో ఆదేశం దర్యాప్తునీ శాంతిభద్రతల్నీ విడదీయమంటుంది, ముందు పది లక్షల జనాభా దాటిన నగరాల్లో. పొద్దున బందోబస్తు, మధ్యాహ్నం ప్రోటోకాల్, రాత్రి హత్య కేసు డైరీ ఒకే ఎస్ఐ రాస్తే ఏది చెడిపోతుందో చెప్పక్కర్లేదు. ఇది స్వతంత్రతకే కాదు, పని నాణ్యతకి కూడా సంబంధించిన విషయం.

తీర్పైతే వచ్చింది. పోలీసు రాష్ట్రాల జాబితాలోని అంశం కాబట్టి అమలు రాష్ట్రాలు చేయాలి. మనవాళ్ల తెలివితేటలు ఇక్కడ బయటపడ్డాయి. డీజీపీకి రెండేళ్లు అన్నారు కదా, మేం అసలు డీజీపీనే వేయం, "ఇన్‌ఛార్జ్" డీజీపీని పెట్టుకుంటాం. ఇన్‌ఛార్జ్‌కి కాలపరిమితి రక్షణ లేదు, కాబట్టి ఆయన ఎప్పుడూ ఒక కన్ను సచివాలయం మీద వేసే ఉంచాలి. ఈ ఎత్తుగడ చూసి 2018 జులైలో సుప్రీంకోర్టు తాత్కాలిక డీజీపీలు కుదరదని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అయినా ఆ తర్వాత కూడా మన రెండు రాష్ట్రాల్లో "పూర్తి అదనపు బాధ్యతలు" అన్న మాటతో డీజీపీలు పనిచేయడం చూశాం. ఇందులో ఏ పార్టీకీ మినహాయింపు లేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ప్రకాశ్ సింగ్ తీర్పు గుర్తొస్తుంది, అధికారంలోకి రాగానే మర్చిపోతారు.

తీర్పు పూర్తిగా వృథా అని కూడా అనలేం. కేరళ చూడండి. 2016 మేలో అక్కడ ప్రభుత్వం మారిన కొద్దిరోజులకే డీజీపీ టి.పి. సేన్‌కుమార్‌ని తప్పించారు. ఒక గుడిలో జరిగిన బాణసంచా ప్రమాదం, ఒక హత్య కేసు దర్యాప్తు తీరు చూసి ప్రజలు అసంతృప్తిగా ఉన్నారని కారణం చెప్పారు. ఆయన కోర్టుకెళ్లారు. ట్రిబ్యునల్‌లో ఓడిపోయారు, హైకోర్టులో ఓడిపోయారు. 2017 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు ఆయన్ని తిరిగి డీజీపీ కుర్చీలో కూర్చోబెట్టమంది. స్పష్టత కావాలంటూ మళ్లీ వెళ్లిన రాష్ట్ర ప్రభుత్వానికి ఖర్చుల కింద 25 వేలు కట్టమని కూడా చెప్పింది. ఆయన తిరిగొచ్చి జూన్ 30న రిటైరయ్యారు. దాదాపు ఏడాది పోరాటానికి దక్కింది రెండు నెలల లోపు కుర్చీ. గెలిచినట్టా, ఓడినట్టా మీరే చెప్పండి. డీజీపీ స్థాయి మనిషి కాబట్టి ఢిల్లీ దాకా లాయర్లని పెట్టుకోగలిగాడు. వీఆర్‌లో ఉన్న ఎస్ఐ ఏ కోర్టుకి వెళ్తాడు?

మన దగ్గర ఎన్నికల సమయం ఇంకో విచిత్రం చూపిస్తుంది. 2023 డిసెంబరు 3న ఓట్ల లెక్కింపు ఇంకా పూర్తి కాకముందే, గెలుస్తున్న పార్టీ నాయకుణ్ని ఇంటికెళ్లి కలిసినందుకు తెలంగాణ డీజీపీని ఎన్నికల సంఘం సస్పెండ్ చేసింది. కొద్దిరోజులకి ఎత్తేసింది. 2024 మేలో పోలింగుకి వారం ముందు ఆంధ్రప్రదేశ్ డీజీపీని అదే ఎన్నికల సంఘం తప్పించింది. అంటే పోలీసు అధిపతి ప్రభుత్వానికి దూరంగా ఉండాలని మన వ్యవస్థ కూడా ఒప్పుకుంటుంది. కాకపోతే ఐదేళ్లకోసారి, కోడ్ ఉన్న కొద్ది వారాలు మాత్రం!

"రాష్ట్ర పోలీసుల్ని నమ్మకపోతే సీబీఐకి ఇచ్చేద్దాం" అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. సీబీఐ కూడా ఒక ప్రభుత్వం కిందే ఉంది, కేంద్రం కింద. 1997లో వినీత్ నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు దాని డైరెక్టర్‌కి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలంది. అయినా 2013లో బొగ్గు కుంభకోణం దర్యాప్తు నివేదికని కోర్టుకి ఇచ్చేముందు న్యాయశాఖ మంత్రి చూశారని తేలింది. పంజరంలో చిలక అన్న మాట కోర్టు నోట అప్పుడే వచ్చింది. ఆ మంత్రి రాజీనామా చేశారు. ఇక సీబీఐ రాష్ట్రంలో అడుగుపెట్టాలంటే రాష్ట్రం సమ్మతి కావాలి. ఆంధ్రప్రదేశ్ 2018 నవంబరులో ఆ సాధారణ సమ్మతి ఉపసంహరించుకుంది, ప్రభుత్వం మారాక 2019 జూన్‌లో తిరిగి ఇచ్చింది. తెలంగాణ 2022లో ఉపసంహరించుకుంది. ఢిల్లీతో సంబంధం ఎలా ఉందో దాన్నిబట్టి సమ్మతి వస్తుంది, పోతుంది. దర్యాప్తుకి దీనితో సంబంధమేంటని ఎవరూ అడగరు.

ఇప్పటిదాకా చదివి, సరే అయితే పోలీసుల్ని పూర్తిగా వదిలేద్దాం, ఎవరూ అడగకూడదు అందాం అనుకుంటే, అక్కడే ఆగాలి. అడిగేవాడు లేని పోలీసు, మంత్రి మాట వినే పోలీసు కన్నా ప్రమాదం. దీనికి దూరం వెళ్లక్కర్లేదు.

2019 నవంబరు 27 రాత్రి. దిశ కేసు. ఆ రాత్రి కుటుంబం స్టేషన్‌కి పరిగెత్తితే ఇది మా పరిధి కాదు అన్న మాట వినాల్సి వచ్చిందని చెప్పారు. ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పోలీసుల మీద జనం పూలు చల్లారు. కాలేజీల్లో స్వీట్లు పంచుకున్నారు, వాట్సాప్ స్టేటస్‌లు నిండిపోయాయి. ఆ కోపం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు, ఆ రాత్రి బస్సెక్కడానికి భయపడిన ప్రతి అమ్మాయికీ తెలుసు.

సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022 మేలో బయటపెట్టిన నివేదిక చదివినవాళ్లు తక్కువ. తుపాకులు లాక్కుని పారిపోబోయారన్న పోలీసుల కథనం నమ్మశక్యంగా లేదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్య నేరం కింద విచారణ జరగాలని అది చెప్పింది. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని కూడా రాసింది.

ఈ ఒక్క కేసులోనే రెండు జబ్బులూ ఉన్నాయి చూడండి. మొదటి రాత్రి చట్టం చేయమన్న పని చేయలేదు. తొమ్మిది రోజుల తర్వాత చట్టం ఎవరికీ ఇవ్వని పని జరిగిపోయింది. దర్యాప్తు, తీర్పు, శిక్ష మూడూ ఒకే చోట, అరగంటలో. తాసిల్దారు రోజులకీ దీనికీ పెద్ద తేడా నాకు కనపడదు. పైగా అసలు నేరం ఎవరు చేశారు, ఎలా చేశారు అన్నది ఏ కోర్టులోనూ సాక్ష్యాలతో రుజువయ్యే అవకాశం శాశ్వతంగా పోయింది. దిశ కుటుంబానికి దక్కాల్సిన తీర్పు కూడా దాంతోపాటే పోయింది.

అందుకే ప్రకాశ్ సింగ్ తీర్పులో పదవీకాలం రక్షణ పక్కనే ఇంకో ఆదేశం ఉంటుంది. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రిటైర్డ్ జడ్జిల అధ్యక్షతన ప్రత్యేక సంస్థలు, జిల్లాకొకటి, రాష్ట్రానికొకటి. ఒకటి లేకుండా రెండోది అడిగితే లెక్క తప్పుతుంది. ప్రభుత్వానికి దూరం జరిగిన మేరకి కోర్టుకీ ప్రజలకీ దగ్గరవ్వాలి. పోలీసు సంఘాలు మొదటిదాన్ని గట్టిగా అడిగి రెండోదాని దగ్గర గొంతు తగ్గిస్తాయి, ప్రభుత్వాలు రెండూ వద్దంటాయి. మనం మాత్రం రెండూ అడగాలి.

ఇదంతా ఢిల్లీ కోర్టుల వ్యవహారంలా అనిపిస్తే, మన హాస్టల్ గేటు దగ్గరికి తెచ్చుకుందాం. ఫోన్ పోయిందో, ఎవరైనా వెంటపడి వేధిస్తున్నారో, ఎవరో పలుకుబడి ఉన్నవాడి కారు గుద్దిందో, స్టేషన్‌కి వెళ్తే "పెద్దవాళ్లతో ఎందుకు బాబూ, కూర్చుని మాట్లాడుకోండి" అన్నారనుకోండి. అప్పుడు తెలిసుండాల్సినవి కొన్ని ఉన్నాయి. నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటాం. కొత్త చట్టంలో 173వ సెక్షన్ దీన్ని నేరుగా రాసింది. ఆన్‌లైన్లో కూడా ఇవ్వొచ్చు, మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. పోలీసులు నేరుగా కేసు కట్టగలిగే నేరమని సమాచారంలో కనిపిస్తే నమోదు తప్పనిసరి అని 2013లోనే లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం చెప్పింది. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకి మాత్రం డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల ప్రాథమిక విచారణ జరపొచ్చని కొత్త చట్టం ఒక సందు ఇచ్చింది. ఎవరైనా "ఎంక్వైరీలో ఉంది" అంటే ఆ పద్నాలుగు రోజులు లెక్కపెట్టండి.

అప్పటికీ కట్టకపోతే ఫిర్యాదుని రాతలో పెట్టి జిల్లా ఎస్పీకి పోస్టులో పంపాలి, కమిషనరేట్ అయితే అక్కడి పై అధికారికి. పోస్టు రసీదు పారేయకండి. అక్కడా కదలిక లేకపోతే 175వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ కింద అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆయన పోలీసుల మాట కూడా విని, దర్యాప్తు చేయమని ఆదేశించగలడు. ఆ ఆదేశం కాగితం మీద ఉంటుంది, కింద పేరు, తేదీ, కోర్టు ముద్ర ఉంటాయి. ఫోన్ కాల్‌కి అవేవీ ఉండవు.